నారింజ రంగు పట్టీ

ఉజ్వల కుడి బూటు లేసు పళ్ళ బిగువున ఇంకోసారి లాగింది. చీలమండ మీద కాయ కాచిన చోట నొప్పి రోజూలాగే పలికింది. ఫార్మింగ్టన్ హిల్స్ స్కేటింగ్ రింకులో ఆమె పొద్దులన్నీ ఈ బెంచీ మీదే మొదలయ్యాయి. గడ్డం కింద తన జంట నిశాంత్ స్కేటు బ్లేడు చీరిన మచ్చ, వంకర తిరిగిన బొటనవేళ్ళు, ఎప్పుడూ చల్లగా ఉండే ముక్కు. ఇన్నేళ్ళలో ఆమె సంపాదించిన ఆస్తి అదే. జాతీయ పోటీలకి వెళ్ళి పతకం లేకుండా తిరిగొచ్చింది. టీవీలో ఒక్కసారీ కనిపించలేదు. మిగతా వేళల్లో చిన్నపిల్లలకి దెబ్బ తగలకుండా మంచు మీద పడటం ఎలాగో నేర్పేది.

ఐస్ డాన్స్‌కి జంట కావాలి. ఆడపిల్లలు కొల్లలు, మగపిల్లలకే కరువు. అందుకని చిన్నప్పుడే ఇద్దరి అమ్మలూ తెలుగు సంఘం పాట్‌లక్ విందులో మాట్లాడుకుని, పెళ్ళిసంబంధంలా ఈ జంటని కుదిర్చేశారు. అప్పటినుంచీ మంచు మీద నిశాంత్ కళ్ళల్లోకి ప్రేమగా చూడటం ఆమె ఉద్యోగం. మంచు దిగాక అతను సాక్సులు కంపుకొట్టే మామూలు స్నేహితుడు.

ఈ ఏడాది, 2009లో, పోటీకి జానపద నృత్యం చెయ్యాలన్నారు. అమ్మ వసుమతి కూతుర్ని వంటింట్లో నిలబెట్టి, తను చిన్నప్పుడు నేర్చుకున్న కూచిపూడి చేతులు నేర్పింది. అలిగిన నాయిక జడ విసిరి తిరిగే భంగిమని బ్లేడు అంచు మీద నిలపడానికి ఉజ్వల వేసవంతా పడింది, లేచింది. కోచ్ డయాన్ మాత్రం "కోపం తగ్గించు, నవ్వు" అనేది. అలిగినవాళ్ళు నవ్వుతారా?

నిశాంత్ వచ్చాడు. వెనక డయాన్, ఆ వెనక కెయిట్లిన్. పదిహేడేళ్ళ కెయిట్లిన్‌కి మంచు మీద నిలబడటం నేర్పింది ఉజ్వలే.

"ఉజ్జూ, నేను కెయిట్లిన్‌తో స్కేట్ చేస్తున్నా, ఈ సీజన్ నుంచి," అన్నాడు నేలకేసి చూస్తూ. "తను యంగ్ కదా. ప్రోగ్రామ్ చేంజ్ చెయ్యడానికి టైమ్ లేదు. అదే చేస్తాం."

"అది నాది."

"మనది కదా. వసుమతి ఆంటీకి నువ్వే చెప్తావా, ప్లీజ్? నాకు గిల్టీగా ఉంది."

ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నది. నిప్పు పెట్టే పని కూడా తెప్పకే అప్పగించేవాణ్ణి ఇప్పుడే చూసింది.

డయాన్ భుజం తట్టింది. "కెయిట్లిన్‌కి ఆ చేతులు నువ్వే నేర్పాలి. ఇంకెవరికీ రావు," అంది, బిరుదిస్తున్నట్టు. సొమ్మొకడిది, సోకొకడిది!

ఉజ్వలకి ఒళ్ళు మండిపోయింది. కొక్కేనికి వేలాడుతున్న నారింజ రంగు పట్టీ తీసి నడుముకి చుట్టి, ముడి మీద ముడి బిగించింది. ఎవరి పాట మోగుతుంటే వాళ్ళు ఆ పట్టీ కట్టుకుంటారు. అది కనబడితే ఎంతటివాళ్ళైనా దారివ్వాలి. ఆ రింకులో ఉన్న న్యాయం అదొక్కటే. పాట తనే పెట్టుకుని మంచు మీదకి దిగింది.

నిశాంత్ ఉండాల్సిన చోట ఖాళీని పట్టుకుని వాలింది, లేచింది. ఒంటికాలి మీద పెద్ద వంపు గీసుకుంటూ, మంచు మీదకి వచ్చిన ఆ ఇద్దరి మీదకే దూసుకెళ్ళింది. వాళ్ళు అడ్డగోడకి అతుక్కుపోయారు. మంచు పొడి మోకాళ్ళ దాకా చిమ్మింది. ఆమెది కురచ జుట్టే, అయినా జడ విసురు అందరికీ కనబడింది. ఆ చేతుల్లో అమ్మ వంటిల్లు ఉంది, వీడికి ధారపోసిన చిన్నతనమంతా ఉంది. ఈసారి నవ్వలేదు.

పాట ఆగగానే డయాన్ చప్పట్లు కొట్టింది. "అదీ ముఖం! సరిగ్గా అదే కెయిట్లిన్‌కి నేర్పు."

"అది నేను నేర్పలేను. నిశాంత్ నేర్పుతాడు, కొన్నేళ్ళాగమను," అంది ఉజ్వల.

పట్టీని ముడి విప్పకుండానే కిందికి జార్చి, కాళ్ళలోంచి తీసి, కొక్కేనికి తగిలించింది. బూట్లు విప్పి సంచీలో పడేసింది. నిశాంత్ ఫోను లాక్కుని, అమ్మ నంబరు నొక్కి, వాడి చేతిలోనే పెట్టింది.

"నువ్వే చెప్పు."

"హలో, నిశాంత్? ఏమైనా తిన్నావా నాన్నా?" అంటోంది ఫోనులో వసుమతి. ఉజ్వల వెనక్కి చూడకుండా పార్కింగ్ లాట్‌లోకి నడిచింది. ఇక రాదు.

కాసేపటికి అదే పాట మళ్ళీ మొదలైంది. కెయిట్లిన్ పట్టీ తొడుక్కుంటే వదులై జారిపోయింది, ముడి విప్పబోయింది. గోళ్ళతో కాలేదు. నిశాంత్ పళ్ళతో లాగినా రాలేదు. చివరికి అది లేకుండానే మంచు మీదకి వెళ్ళారు. పట్టీ ఉజ్వల నడుమంత చుట్టుతో కొక్కేనికి అలాగే వేలాడుతోంది.