మాటకు మాట

మధ్యాహ్నం రెండు దాటినా ఆయా ఇంకా అన్నం మొహం చూడలేదు. పొద్దున ఆసుపత్రి పని మీద రెండు గంటలు ఆలస్యంగా రావడంతో ఉతకాల్సిన బట్టలు కుప్ప పడ్డాయి. పైగా ఇంటికి చుట్టాలొచ్చారు, మేడం ఆఫీసుకు సెలవు పెట్టింది. ఎంగిలి కంచాలు ఎత్తుతూ ఆమె ఒక చెవి హాల్లోనే వేసి ఉంచింది. మూడేళ్ళ బాబు సోఫా ఎక్కి నిలబడి చుట్టాలకు పాఠం చెబుతున్నాడు.

"పొద్దున్న నీడ పొడుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం కాళ్ళ కింద దాక్కుంటుంది. ఎందుకో తెలుసా మీకు?"

చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. "ఈ వయసుకే ఈ ప్రశ్నలేంటమ్మా!"

"అంతా వాళ్ళ నాన్న పోలిక," అంది మేడం మురిసిపోతూ. "తెలివి పుట్టుకతో రావాలి గానీ, నేర్పితే వస్తుందా?"

కంచాలు పట్టుకున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ నీడను వాళ్ళిద్దరూ కొలిచింది డాబా మీద, బట్టలారేస్తూ, క్లిప్పులు వరసగా పేర్చి. పొద్దున పదకొండు క్లిప్పులు, మధ్యాహ్నం మూడు. వాడు ఒకటి అడిగితే ఆమె రెండు చెప్పి, మూడోది మళ్ళీ వాణ్ణే అడిగేది. రెండున్నరేళ్ళుగా, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా, ఆమె నోరు మూతపడింది లేదు. మేడం, అయ్యగారు ఆఫీసుల నుంచి వచ్చేసరికి వాడు కునికిపాట్లు పడుతుండేవాడు.

ఆసుపత్రిలో నర్సు అన్న మాటలు ఆమెను ముల్లులా గుచ్చుతూనే ఉన్నాయి.

ఆయా కూతురికీ మూడేళ్ళే. ఇంట్లో గువ్వ అని పిలుచుకుంటారు. వీధిలోవాళ్ళు మాత్రం మూగది అంటారు. 'అమ్మ', 'వద్దు' తప్ప మూడో మాట రాలేదు. పొద్దున ఆసుపత్రిలో నర్సు పిల్ల వెనక నిలబడి గంట మోగించింది. గువ్వ చటుక్కున తిరిగింది.

"చెవులు లక్షణంగా ఉన్నాయి. ఇంట్లో పిల్లతో ఎవరు మాట్లాడతారు?"

"మా అత్త చూసుకుంటుందమ్మా. కంటికి రెప్పలా చూస్తుంది."

"చూడ్డం కాదు తల్లీ, మాట్లాడుతుందా అని."

అత్త ముప్ఫై ఏళ్ళు బట్టల మిల్లులో, మగ్గాల హోరులో పనిచేసింది. మిల్లు ఆమె చెవులు రెండూ ఉంచేసుకుని ఇంటికి పంపేసింది. ఇప్పుడు కాగితం కవర్లు అంటిస్తూ మనవరాలిని సాకుతోంది. తినిపిస్తుంది, ముద్దాడుతుంది. కానీ పిల్ల 'ఊ' అన్నా 'ఆ' అన్నా వినబడదు, తిరిగి పలకదు. పిలిచి పిలిచి ఆ పిల్లే ఊరుకుంది. తండ్రి లారీ డ్రైవరు, వారానికో రోజు ఇంటికొచ్చే మనిషి.

"దీనికి మందూ మాకూ లేదు," అంది నర్సు. "పిల్ల ఒకటంటే మనం ఒకటనాలి. మాటకు మాట. తోటిపిల్లలతో ఆడనివ్వాలి. బుర్ర పెరిగేది అలాగే."

ఆ సాయంత్రం ఆయా ఇంటికెళ్ళి, సైగలతో, పెదాలు విప్పి విప్పి, అత్తకు అంతా చెప్పింది. తప్పు తనదేనేమోనని ముసలిది కాసేపు కళ్ళొత్తుకుంది. తర్వాత జిగురు చేతులు తుడుచుకుని ఇల్లు దద్దరిల్లేలా అరిచింది.

"రేపు దీన్ని చంకనేసుకుపో! పొద్దస్తమానం ఆ పిల్లాడికి చెప్పే మాటల్లో దీనికో నాలుగు పడవా?"

"ఒప్పుకోరత్తా."

వినబడకపోయినా అర్థమైంది ఆమెకు. "అడిగితే కదా ఒప్పుకోకపోవడం!"

మర్నాడు తొమ్మిదింటికి మేడం కారు గేటు దాటగానే, సందు చివర కాచుకున్న అత్త గువ్వను అప్పజెప్పి పోయింది. సాయంత్రం మేడం తిరిగొచ్చేలోపు వచ్చి తీసుకెళ్ళేది. మొదటి రోజు గువ్వ తల్లి కాళ్ళు వదల్లేదు. రెండో రోజు బాబు క్లిప్పుల బుట్ట లాక్కోబోతే, గువ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుని డాబా అంతా వినబడేలా అంది.

"నాది!"

ఆయా నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. అంతవరకూ బాబు ఏది అడిగినా కాదన్నవాళ్ళు లేరు. ఇప్పుడు వాడు బేరం నేర్చుకున్నాడు. "నీకు రెండు, నాకు రెండు. సరేనా?" గువ్వ తల అడ్డంగా ఊపితే, కాసేపు ఆలోచించి, "సర్లే, నీకు మూడు" అనేవాడు. నాలుగో రోజుకి గువ్వ "ఇంకోటి" అనడం నేర్చింది.

ఐదో రోజు మేడం తలనొప్పని మూడింటికే వచ్చేసింది. డాబా మీద రెండు చిన్న గొంతులు విని పైకెక్కింది.

"ఎవరీ పిల్ల?"

"నా కూతురు మేడం."

"అడగాలని తెలీదూ?"

"అడిగితే వద్దంటారని అడగలేదు."

మేడం మొహం ఎర్రబడింది. కానీ కేకలు వేయడం ఆమెకు నామోషీ. గొంతు తగ్గించింది. "చూడు, వచ్చే ఏడు బాబుని పెద్ద స్కూల్లో వేస్తున్నాం. నీ కూతురికి మాటలు రావని ఆసుపత్రికెళ్ళేముందు నువ్వే చెప్పావుగా. అలాంటి పిల్లతో తిరిగితే వీడి మాటలూ పాడవుతాయి. నీ తొమ్మిది వేలూ పది చేస్తాను. రేపటినుంచి పిల్లని ఇంట్లో వదిలి రా."

వెయ్యి అంటే ఇంటద్దెలో సగం. 'సరే' అన్న మాట ఆయా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కొత్త గొంతు విని గువ్వ అప్పటికే నీళ్ళ ట్యాంకు వెనక నక్కి ఉంది. నాలుగు రోజులుగా తెరుచుకున్న నోరు మళ్ళీ బిగుసుకుపోయింది.

"వద్దు మేడం."

"ఏంటి వద్దు?"

"ఆ వెయ్యి. బాబు మాటలు పాడవుతాయన్నారు. వాడి నోట్లోకి మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయి మేడం? చుట్టాల ముందు నాన్న పోలిక అన్నారు, విని ఊరుకున్నాను. వంటకీ బట్టలకీ జీతమిస్తున్నారు. మాటలు నేను ఊరికే ఇచ్చాను, ఇష్టంగానే ఇచ్చాను, ఇకముందూ ఇస్తాను. నా కూతురి నోరు కట్టేసి మాత్రం ఇవ్వను. వస్తే ఇద్దరం వస్తాం."

"ఊళ్ళో ఆయాలు దొరకరనుకుంటున్నావా?"

"దొరుకుతారు. వాళ్ళకీ పిల్లలుంటారు."

మేడం విసురుగా ఫోన్ తీసి అయ్యగారి నంబరు నొక్కింది. ఆయా కిందికి దిగలేదు. తడి దుప్పటి దులిపి తీగ మీద వేసింది. ట్యాంకు వెనక బాబు గువ్వ చెయ్యి పట్టుకుని లాగుతున్నాడు. గువ్వ బయటికొచ్చింది. మేడం వైపు వేలు చూపిస్తూ తల్లి మోచెయ్యి గుంజింది.

"ఎవరు?"

ఆ పిల్ల ప్రశ్న అడగడం అదే మొదటిసారి. ఆయా వంగి కూతురి భుజాలు పట్టుకుంది. "నన్నడుగుతావేం? ఆవిణ్ణే అడుగు, పో."

గువ్వ నాలుగడుగులు వేసి మేడం ఎదుట నిలబడింది. తల పైకెత్తింది.

"నువ్వెవరు?"

ఫోన్లో అయ్యగారు హలో, హలో అంటున్నారు. మేడం పిల్ల వైపే చూస్తూ ఫోన్ చెవి నుంచి దించింది.