గుడి ఎడమ చెయ్యి

మధ్యాహ్నం రెండు దాటినా నేల రుద్దే పని సగం కూడా కాలేదు. కాలువ అవతలి దళితవాడ చేరి. అక్కడి ఆడవాళ్ళు పద్దెనిమిది మంది మోకాళ్ళ కింద గోనెపట్టాలు వేసుకుని, ఎర్రసిమెంటు నేలను రాళ్ళతో రుద్ది, కొబ్బరినూనె గుడ్డతో మెరుగు పెడుతున్నారు. ఎల్లుండి ఆదివారం బిషప్పుగారు వచ్చి కొత్త గుడికి అభిషేకం చేస్తారు. ఆలోగా నేలలో ముఖం కనబడాలని ఊరి పెద్దలు చెప్పి పంపారు. ఎవరి ముఖమో మాత్రం చెప్పలేదు.

ఉపదేశి సందియాగు వాళ్ళకు నీళ్ళ బకెట్లు అందిస్తున్నాడు. అరవై దాటిన మనిషి. సందనకురిచ్చి గుడిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా జపాలు నేర్పేదీ, గంట కొట్టేదీ, శవం ముందు సిలువ పట్టుకుని నడిచేదీ ఆయనే. ఇవన్నీ ఒక ఎత్తు, 'గుడి చూపించడం' ఒక ఎత్తు. మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పిల్లల్ని ఏటా వాకిట్లో నిలబెట్టి, ఒక్కో అడుగే లోపలికి నడిపిస్తూ, కనబడిన ప్రతిదానికీ అర్థం చెప్పేవాడు. గడప దాటగానే జ్ఞానస్నానం తొట్టి ఎందుకుంది? మనమంతా ఆ నీళ్ళలోంచి పుట్టాం, అంతకుముందు పుట్టిన పుట్టుక ఇక లెక్కలోకి రాదు, అందుకు. నడిమి శాల ఓడలాగా పొడుగ్గా ఎందుకుంది? జలప్రళయంలో అందరినీ ఎక్కించుకున్న ఓడ అది కాబట్టి. బలిపీఠం అందరూ ఒకే పంక్తిలో తినే బల్ల. దాని పక్కన ఆరని ఎర్రదీపం, ఇంటాయన ఇంట్లోనే ఉన్నాడని గుర్తు. ఇవి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. బతుకుతెరువు కోసం చెప్పే మాటలు కావవి, నమ్మి చెప్పినవి.

పాత గుడిలో ఒక్క చోట మాత్రం గబగబా దాటిపోయేవాడు. సిలువ ఆకారంలో కట్టిన గుడికి రెండు పక్కలా రెండు చేతులుండేవి. ఎడమ చేతిలో చేరివాళ్ళు కూర్చునేవారు. దానికి వేరే వాకిలి, లోపల వేరే రాతి తొట్టి. అక్కడినుంచి చూస్తే బలిపీఠం కనబడదు, ఒక స్తంభమూ కొవ్వొత్తుల మొనలూ కనబడతాయి. గంట మోగితే మోకరించాలి, అంతే. ఆ చేతికి అర్థమేమిటని పిల్లలెవరూ అడిగేవాళ్ళు కాదు. చేరి పిల్లలకు అడగకుండానే తెలుసు.

నాలుగేళ్ళ కిందట గాలివానకు ఆ గుడి బీటలిచ్చింది. అప్పుడే కొత్తగా వచ్చారు అడైకలం ఫాదరు. పక్క తాలూకాలో ఇలాంటి చేరిలోనే పుట్టినవారు. వచ్చిన మొదటి రోజే కాలువ దాటి సందియాగు ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని ఎండుచేపల పులుసుతో రాగి సంకటి తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ, "కొత్త గుడికి చేతులుండవు పెదనాన్నా. ఒకటే శాల, ఒకటే తొట్టి. మనోళ్ళు ఎదురుగా కూర్చుంటారు," అన్నారు.

ఆ మాట పట్టుకుని సందియాగు చేరిలోని తొంభై గడపలూ తిరిగాడు. మగవాళ్ళు పన్నెండు రూపాయల కూలీ, ఆడవాళ్ళు ఏడు రూపాయల కూలీ వదులుకుని ప్రతి సోమవారం గుడి పనికి వచ్చారు. మూడేళ్ళు మోశారు. బలిపీఠపు రాయి దించేటప్పుడు అది జారి మీద పడి, చేరిలోని సవురి అనే ఆమె కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. నాట్లకు ఆమెను ఇప్పుడెవరూ పిలవడం లేదు. పునాది రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చినప్పుడు జనం గొణిగారు. కుడివైపు పాటగాళ్ళకు, ఎడమవైపు దేవమాత విగ్రహానికి అన్నారు ఫాదరు. సందియాగు నమ్మాడు. అందరినీ నమ్మించాడు.

ఇప్పుడు ఆ ఎడమవైపు నుంచే గునపం చప్పుడు వస్తోంది.

బకెట్టు కింద పెట్టి వెళ్ళి చూశాడు. మేస్త్రీ నేల తవ్వి ఒక రాతి తొట్టిని నిలబెడుతున్నాడు. అంచున చిన్న పెచ్చు లేచిన, పాత గుడి ఎడమ చేతిలోని తొట్టి. అందులోనే సందియాగుకు పేరు పెట్టారు, అందులోనే ఆయన నలుగురు బిడ్డలకూ పెట్టారు.

"ఇదేంది మేస్త్రీ? ముందర వాకిట్లో తెల్లరాయి తొట్టి వుండాది గదా."

"అది ఊరోళ్ళకి తాతా. ఇది మీకంట. సామి పెట్టమన్నాడు." మేస్త్రీ తలెత్తలేదు. "బెంచీలు కూడా అక్కడికే. ఈడ చాపలు."

వెనక రాళ్ళు రుద్దే చప్పుడు ఆగిపోయింది. పద్దెనిమిది మందీ విన్నారు. సవురి మెల్లగా లేచి వచ్చి, తొట్టినీ సందియాగునూ మార్చి మార్చి చూసి, తన గోనెపట్టా దులుపుకుని బయటికి నడిచింది. ఆమె వెంట మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు.

సందియాగు నేరుగా ఫాదరు బంగళాకు పోయాడు. అరుగు మీద ఊరి పెద్ద రాయప్పన్ కాఫీ తాగుతున్నాడు. ఉపదేశిని చూసి, "ఏమప్పా, నేల అయిపోయిందా?" అన్నాడు చల్లగా.

"ఉపదేశీ, అక్కడ నిలబడు, వస్తా," అన్నారు ఫాదరు.

రాయప్పన్ వెళ్ళాక ఆయన గొంతు మెత్తబడింది. "రా పెదనాన్నా, కూచో. నీకోసమే మనిషిని పంపుదామనుకుంటా వుండా."

మనుషులున్నప్పుడు ఉపదేశి, లేనప్పుడు పెదనాన్న. నాలుగేళ్ళుగా ఇదే వరస. సందియాగు అదీ ఒక ప్రేమే అనుకుని మురిసిపోయేవాడు. ఇవాళ కూర్చోలేదు.

"తొట్టి చూసినా సామీ."

ఫాదరు సొరుగులోంచి టైపు కొట్టిన కాగితం తీసి చేతికిచ్చారు. "ఆదివారం బిషప్పుగారి ముందర గుడి చూపించేది నువ్వే. నీ మాటలే రాసినా, మధ్యలో ఒక ముక్క చేర్చినా. చదువు."

తొట్టి, ఓడ, బల్ల, దీపం. అన్నీ ఆయన మాటలే. వాటి కింద ఇలా ఉంది: 'ఎడమ చెయ్యి: సిలువ మీద క్రీస్తు ప్రభువు ఎడమ చెయ్యి ఆయన హృదయం పక్కనుంది. దీనులు, వినయశీలురు ఆ హృదయానికి అతి దగ్గరగా చేరి ప్రార్థించే పవిత్ర స్థలమిది.'

సందియాగు రెండుసార్లు చదివాడు. అందంగా ఉంది. అదే ఆయనకు మండింది.

"ఇది రాసింది ఎవురు?"

"నేనే."

"అవును. రాయప్పన్‌కి ఇంత బాగా రాదు."

ఫాదరు ముఖం ఎర్రబడింది. "పైకప్పు ఖర్చంతా ఊరోళ్ళది పెదనాన్నా. వేరే చోటు లేకుంటే పని ఆపేస్తామన్నారు, గుడికి తాళమేస్తామన్నారు. సర్దుకోమన్నారు బిషప్పుగారు. ముందు గుడి లేవనీ, పదేండ్లకో పదిహేనేండ్లకో మనసులు మారతాయి."

"ఎప్పుడన్నారు?"

ఫాదరు కిటికీ వైపు చూశారు. "పునాది అప్పుడే."

సందియాగు గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. పునాది అప్పుడే. అంటే మూడేళ్ళ సోమవారాలూ ఈయనకు తెలుసు. సవురికి తన చేత్తో కట్టు కట్టి, "దేవుడు చూస్తా వుండాడమ్మా" అన్న రోజున కూడా తెలుసు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు సామీ?"

"చెప్పింటే మీవాళ్ళు రాయి మోసుండేవాళ్ళా?"

మొదటి రోజు చాప మీద 'మనోళ్ళు' అన్న నోరే అది. ఎప్పుడు 'మీవాళ్ళు' అయిపోయామో సందియాగు కనిపెట్టలేకపోయాడు.

"నేను అడ్డం తిరిగితే నన్ను కొండల్లోకి మారుస్తారు," అన్నారు ఫాదరు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "నా చోట్లోకి వచ్చేది ఊరోడే. మీ ఇంట్లో సంకటి తినే సామి కూడా వుండడు అప్పుడు. అర్థం అంటూ ఒకటి వుంటే కష్టం మోసేదానికి తేలికవుతాది పెదనాన్నా. ఇన్నేండ్లూ నువ్వు చేసిందీ అదే గదా."

ఆ చివరి మాట సందియాగును ఇంటిదాకా వెంటాడింది. తొట్టికీ ఓడకూ బల్లకూ అర్థాలు చెప్పింది ఎవరు? తనకు ముందు ఉపదేశి చెప్పాడు. ఆయనకు తెల్లదొర సామి చెప్పాడు. ఆ మొదటివాడు కూడా ఇలాగే, పక్కన కూర్చోబెట్టిన జనం నోరు మూయించడానికి, ఒక సాయంత్రం కాగితం ముందేసుకుని రాశాడా? ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు పెట్టింది అన్నమో మత్తుమందో ఆయనకు తెలియలేదు. కూలీ పోయిందన్న బాధ కంటే ఇది పెద్ద బాధ. కాలువ గట్టు మీద నిలబడి ఏడ్చాడు.

ఇంటి ముందు భార్య బాక్కియం చేట పట్టుకుని కూర్చుని ఉంది. వార్త అప్పటికే చేరి అంతా తిరిగొచ్చింది.

"వచ్చినావా? సామి ఏం పెట్టి పంపినాడు, కాఫీనా కాగితమా?"

"కాగితం."

"చదువుతావా?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"చదువు. నీకేం, గొంతు మంచిది. నెలకి తొంభై రూపాయలు, వుండేదానికి గుడి ఇల్లు. చదవకుంటే రెండూ పోతాయి, నాకూ తెలుసు." చేటలో రాళ్ళేరుతూనే అంది. "నీ నోటి మాట నమ్మే ప్రతి గడపా కదిలింది. నా గడప కూడా."

అంతలో సవురి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది.

"మామా, సామి మోసం చేసినాడని నాకు పెద్ద ఏడుపు లేదు. ఆయన నిన్న వచ్చినోడు, రేపు పొయ్యేటోడు. నేను రాయి మోసింది ఆయన చెప్పినాడని కాదు, నువ్వు చెప్పినావని." పైట చెంగు కింద కుడిచెయ్యి దాచుకుంది. "ఆదివారం వస్తా. నువ్వేం చెప్తావో వింటా."

సందియాగు తల వంచుకున్నాడు. అలా తల వంచుకోవడం ఆయనకు బాగా అలవాటైన పనే. ఇవాళ అదీ సిగ్గనిపించింది.

ఆదివారం గుడి నిండిపోయింది. నడిమి శాలలో కొత్త బెంచీల మీద ఊరివాళ్ళు, ఎడమ చేతిలో చాపల మీద చేరివాళ్ళు. రాబోమని కొందరన్నా చివరికి అందరూ వచ్చారు. గుడి కట్టినవాళ్ళకు దాన్ని చూడాలని ఉండదా? బిషప్పుగారు ముసలివారు, నెమ్మదైనవారు. సందియాగు ముందు నడుస్తూ తొట్టి దగ్గర తొట్టి అర్థం చెప్పాడు, శాల మధ్యలో ఓడ అర్థం చెప్పాడు. ఒక్క మాట తప్పలేదు. బలిపీఠం మీద బిషప్పుగారు పరిమళతైలం గుమ్మరించి రాయంతా పూశారు. అది ఎదురుగా ఉన్నవాళ్ళకు కనబడింది. సవురికి స్తంభం కనబడింది.

తర్వాత గోడలకు. గోడల మీద అక్కడక్కడా చెక్కిన సిలువలకు బిషప్పుగారు బొటనవేలితో తైలం పూస్తూ వస్తున్నారు; తైలం తగిలిన గోడ పవిత్రమైనట్టే. కుడి చెయ్యి అయింది. ఎడమ చేతి గోడ ముందుకొచ్చి ఆగి, ఉపదేశి వైపు చూశారు. రాయప్పన్ తన బెంచీలోంచి మెడ సాచాడు. చాపల మీద చిన్నపిల్లలు కూడా అల్లరి మానారు.

సందియాగు కాగితం విప్పాడు. మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"ఉపదేశీ," అన్నారు అడైకలం ఫాదరు మెల్లగా, "చదువు."

"చదవను సామీ."

ఆయన బిషప్పుగారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అయ్యగారూ, తొట్టికి అర్థం వుండాది, చెప్పినా. ఓడకీ బల్లకీ దీపానికీ వుండాది. అవి ఎవురు రాసినారో నాకు తెల్దు. నేను మాత్రం నమ్మినా, ఇప్పుడూ నమ్మతా వుండా. నమ్మినాను కాబట్టే చెప్తా వుండా, దీనికి అర్థం లేదు. ఇది మమ్మల్ని పక్కన కూర్చోబెట్టేదానికి కట్టిన గది. మేమే కట్టినాం. నేనే కట్టించినా, అబద్ధం చెప్పి."

ఫాదరు నేల చూస్తున్నారు. బెంచీల్లో ఎవరో లేచిన చప్పుడైంది. పాటగాళ్ళకు పాట ఎత్తుకోవాలో మానాలో తెలియలేదు.

బిషప్పుగారి చెయ్యి గోడకు జానెడు దూరంలో ఆగింది. బొటనవేలి మీది తైలం మణికట్టు మీదుగా కారి తెల్లని అంగీ చేతిలోకి ఇంకుతోంది. ముందు చాప మీద సవురి లేచి నిలబడింది, ఆమె వెనక ఇంకొకామె, ఆ వెనక బాక్కియం. అందరూ ఆ వేలినే చూస్తున్నారు.