కొత్త మోకాలు

"వంగిందా?"

పొద్దున్నే మేడ మీద నుంచి ఆయన వేసే మొదటి ప్రశ్న అదే. నిద్ర పట్టిందా అని కాదు, నొప్పి తగ్గిందా అని కాదు. కింద హాల్లో కిటికీ పక్కన వేసిన మంచం మీద పడుకుని, ఆపరేషను చేసిన కుడికాలి మడమను దుప్పటి మీద మెల్లగా వెనక్కి జరుపుకుంటూ ఆమె "ఇంకా లేదండీ" అనేది. "ఇంకానా!" అని ఆయన నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు మెట్లు దిగి కింద దాకా వచ్చేది. ఆయన మాత్రం వచ్చేవాడు కాదు.

ఆమె చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి, రిటైరైన పంతులమ్మ. తరగతిలో ఒక కుర్చీ ఉండేది కానీ అది ఆమె కోసం కాదు. "మీరు కూర్చుంటే పిల్లలు పడుకుంటారమ్మా" అనేవాడు హెడ్మాస్టరు, ఆ కుర్చీలో కూర్చుని. రోజంతా నిలబడి చెప్పి, వంగి వంగి పలకలు దిద్ది, సాయంత్రం ఇల్లు చేరితే ఇక్కడ మేడ మెట్లు. వంటిల్లు కింద, ఆయన గది పైన. గాలీ వెలుతురూ పైనే బాగుంటాయని పెళ్ళైన కొత్తలోనే ఆయన పైకి చేరాడు. అప్పటినుంచి కాఫీ పైకి, భోజనం పైకి, వేణ్ణీళ్ళు పైకి, ఆయన స్నేహితులొస్తే మంచినీళ్ళు పైకి. ఎంగిలి గ్లాసులు కిందికి, విడిచిన బట్టలు కిందికి. గ్లాసులు కడిగి చెయ్యి తుడుచుకునేలోపు మళ్ళీ పిలుపు. అత్తగారు బతికున్నన్నాళ్ళూ ఒకటే మాట అనేది: "పనిచేసే కాలికి రోగం రాదే. కూర్చున్నావో, కీళ్ళు పట్టేస్తాయి చూసుకో." పట్టేశాయి. కూర్చోకుండానే పట్టేశాయి.

మొదట్లో మెట్లు దిగేటప్పుడు మోకాలు కలుక్కుమనేది. తర్వాత ఎక్కేటప్పుడు కూడా మొదలైంది. ఇంకొన్నాళ్ళకు పీతలా పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కేది. చేతిలో గ్లాసు ఉంటే రెయిలింగు పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగిలేది. పళ్ళెం ఉంటే అదీ ఉండేది కాదు. ఆయన పైనుంచి తొంగి చూసి జాగ్రత్త చెప్పేవాడు: "నెమ్మదిగా రావే, ఒలుకుతుంది."

చివరికి ఎక్స్‌రే చూసిన డాక్టరు, లోపల ఎముకకీ ఎముకకీ మధ్య ఏమీ మిగల్లేదనీ, మోకాలు మార్చాల్సిందేననీ తేల్చేశాడు. ఆయన దగ్గరుండి ఆపరేషను చేయించాడు. అందులో వంక పెట్టడానికి లేదు. చూడటానికి వచ్చినవాళ్ళందరితోనూ ఒకే మాట చెప్పేవాడు: "పాత బండికి కొత్త స్పేర్ పార్టు వేయించాం. ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు." వాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వేది, అలవాటు కొద్దీ.

వ్యాయామం చేయించడానికి ఫిజియో అమ్మాయి ఇంటికే వచ్చేది. పాదం కింద తువ్వాలు వేసి, రెండు కొసలూ ఆమె చేతికిచ్చి, "మీవైపు లాక్కోండమ్మా" అనేది. మోకాలు వాచి, కుట్లు వేసినచోట చర్మం బిగుసుకుపోయి, లాగుతుంటే లోపల ఎవరో చీరేస్తున్నట్టుండేది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఆ పిల్ల బుజ్జగిస్తుంటే, "నీకేం తల్లీ, కాలు నాది కదూ" అని ఆమె ఏడుస్తూ నవ్వేది. ఐసు పెట్టుకునేది, పడుకునేది, లేచి మళ్ళీ లాగేది. అంతవరకూ అంతా నిజమే.

ఒకరోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఫిజియో అమ్మాయి చెప్పినట్టే పాదాన్ని నేల మీద జరుపుతుంటే, అది ఎక్కడా ఆగకుండా కుర్చీ కిందికి వెళ్ళిపోయింది. నొప్పి లేదని కాదు, కానీ ఆ నొప్పికి ఆపే బలం లేదు. ఆమె ఆశ్చర్యంగా తన కాలిని తనే చూసుకుంది. వంటింట్లో ఉన్న కోడల్ని పిలుద్దామని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఆయన గొంతు: "ఏమేవ్, వంగిందా? ఎన్నాళ్ళే ఇలా? మేడెక్కే యోగం ఉందా నీకు?"

"ఇంకా లేదండీ" అన్నది ఆమె.

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వేసింది. పాదం మెల్లగా ముందుకు జరిపేసుకుంది, దొంగసొత్తు దాచినట్టు. ఎందుకలా అన్నాను? తర్వాత చాలాసేపు ఆలోచించింది. కాలు బాగైందని ఒప్పుకుంటే ఏమవుతుంది? మంచం తీసేస్తారు. కిటికీ పోతుంది. ఆపరేషను అయ్యాకే ఆమెకు తెలిసింది, కాఫీ అంత వేడిగా ఉంటుందని. అన్నాళ్ళూ అందరికీ ఇచ్చి, ఎంగిళ్ళు తీసి, చల్లారిన దాన్ని నిలబడే గొంతులో పోసుకుంది. ఇప్పుడు కోడలు చేతికందిస్తుంటే, పెదవి చురుక్కుమని ఉలిక్కిపడి, మళ్ళీ ఊదుకుంటూ తాగుతోంది. కిటికీలోంచి వీధి కనిపిస్తుంది. ఎదురుగా డ్రైవింగు స్కూలు. తన వయసే ఉన్న ఒకావిడ రోజూ కారు వెనక్కి తీస్తూ, రోజూ ఆ చెత్తకుండీనే గుద్దుతుంది. నేర్పేవాడు తల పట్టుకుంటాడు. ఆవిడ అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ఆవిడ ఎప్పటికి నేర్చుకుంటుందో చూడాలని ఆమెకు కోరిక. జీవితంలో ఎవరికీ ఉపయోగపడని కోరిక అదొక్కటే పుట్టింది. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

అబద్ధం నిలబడాలంటే కాలు కూడా అబద్ధమాడాలి. ఫిజియో అమ్మాయి వంచుతుంటే ఆమె తొడ బిగబట్టేది. ఒంటరిగా ఉన్నప్పుడు చెయ్యాల్సిన వ్యాయామం మానేసింది. కొన్నాళ్ళు చూసి ఆ పిల్ల చేతులు తీసేసింది.

"అమ్మా, మీ మోకాలు నన్ను ఆపట్లేదు. మీరు ఆపుతున్నారు."

"నొప్పమ్మా" అన్నది ఆమె, కళ్ళు దించుకుని.

"నొప్పి ఉంటుంది. కానీ ఇలాగే వదిలేస్తే లోపల కండ గట్టిపడిపోతుంది. అప్పుడు డాక్టరుగారు మత్తిచ్చి బలవంతంగా వంచాలి. అదీ కుదరకపోతే కాలు కర్రలా బిగుసుకుపోయినట్టే. ఆలోచించుకోండి."

ఆ సాయంత్రం ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో ఉన్న కొడుకు ఫోను చేశాడు. "అమ్మా, నీ మోకాలు వంగితే గానీ నా పెళ్ళాం ఉద్యోగానికి వెళ్ళేట్టు లేదు. కాస్త గట్టిగా ప్రయత్నించవే" అని నవ్వాడు. కోడలు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. అత్తగారి ఆపరేషనని సెలవు పెట్టింది. ఆ సెలవు పొడిగించి, మళ్ళీ పొడిగించింది. ఈమధ్య ల్యాబ్ వాళ్ళు వేరే అమ్మాయిని తీసుకునే ఆలోచనలో ఉన్నారని ఫోనులో ఎవరితోనో అంటుంటే ఆమె విన్నది. విని, కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు కోడలు భోజనం పళ్ళెం పట్టుకుని మేడెక్కుతోంది. అడుగుల చప్పుడులో ఏదో తేడా వినిపించి ఆమె తల తిప్పి చూసింది. ఆ పిల్ల పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, ఆగి, ఎక్కుతోంది.

"ఏమైందే కాలికి?"

"ఏం లేదత్తయ్యా. పొద్దున్నించీ ఎక్కి దిగుతున్నానుగా, కాస్త పట్టేసింది."

ఏం లేదు. ఆ మాట ఆమెకు బాగా తెలుసు. ఎన్నేళ్ళో తనూ అదే చెప్పింది, ఎవరడిగినా. తను కూర్చున్న కుర్చీని మోస్తున్నది ఈ పిల్ల. పైనున్న మనిషికి ఏం తగ్గింది? ఒక్కపూటైనా కాఫీ ఆలస్యమైందా, ఒక్కరోజైనా బట్టలు మడతపడకుండా ఉన్నాయా? చేతులు మారాయి, అంతే. ఎవరి మీదో కోపంతో తను కూర్చుండిపోయింది కానీ, ఆ కోపం పైదాకా పోనేలేదు.

కోడలు పైన ఉండగానే ఆమె గబగబా తువ్వాలు తీసి పాదం కింద వేసి లాగింది. కాలు కదల్లేదు. బలంగా లాగింది. కొంచెం వంగి, తాళం పడ్డట్టు ఆగిపోయింది. బిగబట్టింది తను కాదు ఇప్పుడు. కుర్చీలో కూర్చుని పాదాన్ని వెనక్కి నెట్టింది. వెళ్ళలేదు. ఆరోజు మధ్యాహ్నం ఎంత తేలిగ్గా వెళ్ళిపోయింది! ఇన్నాళ్ళూ ఆడిన అబద్ధాన్ని కాలు నమ్మేసింది. తువ్వాలు కొసలు రెండూ మొహానికి కప్పుకుని, ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

కోడలు దిగి వచ్చి పక్కన కూలబడింది. "ఏమైంది అత్తయ్యా? బాగా నొప్పా?"

"ఇది వంగేదే" అన్నది ఆమె, తువ్వాలు తియ్యకుండానే. "ఎప్పుడో వంగింది. నేనే చెప్పలేదు. ఇప్పుడు నిజంగానే వంగటం లేదు."

కోడలు మెల్లగా అన్నది: "నాకు తెలుసు."

ఆమె తువ్వాలు తీసింది.

"ఆరిన బట్టలు పట్టుకొస్తుంటే చూశాను. ఇదే కుర్చీలో, కాలు కుర్చీ కిందికి మడిచి పెట్టుకుని, ఆ కారు నేర్చుకునే ఆవిణ్ణి చూసి మీలో మీరు నవ్వుకుంటున్నారు."

"మరి అడగలేదేమే? నీ ఉద్యోగం పోయేట్టుందే! నీ కాళ్ళు అరిగిపోతున్నాయే!"

"ఎలా అడగమంటారు?" అన్నది కోడలు. "నేనీ ఇంటికొచ్చాక మీరు ఊరికే కూర్చోగా చూడటం అదే మొదటిసారి."

ఆమె కోడలి చేతిని తీసుకుని తన వాచిన మోకాలి మీదే పెట్టుకుంది. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. పైనుంచి "మజ్జిగేదీ" అని కేక వినిపించింది. ఇద్దరికీ వినిపించింది. లేవడానికి కాస్త సమయం పట్టింది.

ఫిజియో అమ్మాయికి జరిగిందంతా చెప్పేసింది. ఆ పిల్ల తిట్టలేదు. "పోయిందంతా వెనక్కొస్తుందని చెప్పలేనమ్మా. వచ్చినంత తెచ్చుకుందాం" అన్నది. అప్పుడు మొదలైంది అసలు కష్టం. మొదటిసారి నొప్పి ఈ నొప్పి ముందు దూదిపింజ. ఫిజియో అమ్మాయి రాని రోజుల్లో కోడలు తువ్వాలు లాగేది. ఆమె దిండు కొస పళ్ళ కింద పెట్టుకునేది. కొన్నిరోజులు గింజంత కదలిక ఉండేది. కొన్నిరోజులు అదీ ఉండేది కాదు. ఎండాకాలం వెళ్ళిపోయింది, వానలు పట్టుకున్నాయి. ఎదుటి డ్రైవింగు స్కూల్లో ఆవిడ ఎప్పుడు నేర్చుకుందో, ఎప్పుడు వెళ్ళిపోయిందో ఆమె చూడనేలేదు. చివరికి కాలు కుర్చీ కిందికి కొంత వెళ్ళింది. అక్కడితో ఆగింది. ఇక నేల మీద కూర్చోవడం ఈ జన్మకి లేదు. మెట్లు మాత్రం ఎక్కొచ్చు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు అని ఫిజియో అమ్మాయి నేర్పించి, చివరి రోజున ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆయన సంబరం చెప్పనక్కర్లేదు. "హమ్మయ్య! ఇక మన పాతరోజులు వచ్చేసినట్టే" అని మేడ మీద నుంచే చప్పట్లు కొట్టాడు. "రేపట్నుంచి కోడల్ని డ్యూటీకి పంపించేద్దాం పాపం, ఆ పిల్ల మాత్రం ఎంతకని చేస్తుంది!" అని ఉదారంగా కూడా అన్నాడు.

మర్నాడు కోడలు ల్యాబ్‌కి వెళ్ళింది. ఉద్యోగం నిలిచింది గానీ, వేళలు మారాయి. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగి, "అత్తయ్యా..." అని ఏదో అనబోయి ఆగింది. "వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నది ఆమె.

కాఫీ కలిపింది. వంటింట్లోకి కుర్చీ లాక్కుని, తన కాఫీ తను వేడిగా తాగింది. ఆయనది గ్లాసులో పోసి మూతపెట్టి, పొయ్యి పక్కన ఉంచింది. మేడ మెట్ల దగ్గరికి వచ్చింది. ఎడమకాలు పైన పెట్టి, కుడికాలిని తెచ్చి దాని పక్కన చేర్చింది. ఒక చెయ్యి రెయిలింగు మీద ఉంది. రెండో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో ఏమీ పట్టుకోకుండా ఈ మెట్లు ఎక్కిన గుర్తు లేదు.

అడుగుల చప్పుడు విని, పేపర్లోంచి తల ఎత్తకుండానే ఆయన చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి కాసేపు గాల్లో ఉండిపోయింది. అప్పుడు తల ఎత్తాడు.

"కాఫీ ఏదే?"

"కింద ఉందండీ, వంటింట్లో. చల్లారకుండా మూతపెట్టాను."

"మర్చిపోయి వచ్చావా?"

"లేదు." ఆమె ఆయనకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, కాలిని వంగినంత మేర వంచి పెట్టుకుంది. "వెళ్ళి తాగి రండి. మధ్యాహ్నం భోజనం కూడా కిందే. ఇకమీదట అంతా కిందే. నేనూ ఏమీ తీసుకురాను, కోడలూ తీసుకురాదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మోకాలు బాగైందన్నావు కదా?"

"బాగైంది కాబట్టే చెప్తున్నాను. బాగాలేనప్పుడు చెబితే, పాపం చేతకాక అంటోంది అనుకునేవారు."

ఆయన పేపరు మడిచి విసురుగా బల్ల మీద పడేసి లేచాడు. ఇంకా ఏదో అంటాడని ఆమె ఒళ్ళంతా బిగబట్టుకుంది. ఆయన చరచరా గది దాటి వెళ్ళిపోయాడు.

మెట్ల మీద ఆయన అడుగులు వినిపించాయి. ఎక్కడా ఆగలేదు. రెయిలింగు మీద చెయ్యి పడిన చప్పుడైనా లేదు. టకటకా, చిన్నపిల్లాడిలా, ఊపిరి తిప్పుకునేలోపు కిందికి దిగిపోయాడు.

ఇంత తేలికా! అనుకుంది ఆమె. అప్పుడు ఏడుపొచ్చింది.