రాగి తీగల పొగ

"ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, సాయంత్రంలోపు ఈ వైర్లు కాల్చెయ్," అంటూ మా ఆయన అంకమ్మరావు గోతాం నా ముందు పడేసి షాపుకి వెళ్లిపోయారు.

ఆయన లెక్కలో ఖాళీ అంటే ఆరుగురికి వంట, గిన్నెలు, బట్టలు, అత్తగారి మందులు. 2005 నాటికి గుంటూరులో సందుసందునా నెట్ సెంటర్లు, కంప్యూటర్ కోచింగులు వెలిశాయి. కొత్తవి వచ్చినకొద్దీ పాతవన్నీ మా పాతసామాన్ల షాపుకి చేరేవి. వాటిని విప్పి, తీగలు డాబా మీద కాల్చి, రాగి తీసే పని రెండేళ్లుగా నాదే. ఆ నల్లటి పొగ గొంతులోకి దిగి అన్నం కూడా చేదుగా ఉండేది. ఒకసారి ఆ మాటంటే అత్తగారు నవ్వారు. "పర్చూరులో మిరపకాయల ఘాటులో పెరిగినదానివి, ఈ పొగ నిన్నేం చేస్తుందే?"

ఆ రోజు మంట అంటించానో లేదో పక్క డాబా మీద నుంచి మౌలాబీ కేకేసింది.

"ఆపక్కా! పాపకి ఊపిరాడట్లేదు!"

ఆమె భుజం మీద మూడేళ్ల పిల్ల ఎగశ్వాస తీస్తోంది. బిందెడు నీళ్లు మంట మీద గుమ్మరించి, వాళ్లతో పాటు ఆటో ఎక్కాను. ఆసుపత్రిలో గంటకి పిల్ల తేరుకుంది. "ఇంటి దగ్గర ఏం కాలుస్తున్నారమ్మా?" అని డాక్టరు అడిగితే మౌలాబీ నా పేరు చెప్పలేదు. తల దించుకుంది. ఆ మంచితనానికి నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇక కాల్చనండి," అన్నాను ఇంటికొచ్చాక ఆయనతో.

"మరి ఈ చెత్తంతా ఏం చేస్తావ్, ఊరగాయ పెడతావా?"

రెండేళ్లు వాటిని విప్పిన చేతులు నావి. ఏది ఎక్కడ బిగుస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలను. పాడైన కంప్యూటర్లు ఐదు ముందేసుకున్నాను. ఒకదాని ఫ్యాను, ఇంకోదాని మెమరీ, మరోదాని పవర్ సప్లై తీసి ఒక్కదానికే బిగించాను. వంటకీ వడ్డనకీ మధ్య దొరికిన కాసేపట్లోనే, తొమ్మిది రోజులు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం తెర మీద వెలుగొచ్చింది. ఎవరూ లేని గదిలో నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

దాన్ని ఆయన షాపులో పెట్టారు. మర్నాడు నేను క్యారేజీ తీసుకెళ్లేసరికి మా పేట బడి హెడ్‌మిస్ట్రెస్ ప్రేమమ్మగారు దాని ముందు కూర్చుని ఉన్నారు.

"భలే పనిచేస్తోందే! ఎవరు బాగుచేశారు?"

"మా మెకానిక్ అండి," అన్నారు ఆయన.

మా షాపులో మెకానిక్ లేడు. క్యారేజీ బల్ల మీద పెట్టాను.

"నేనండి. నా పేరు బిందుమాధవి."

ఆవిడ నన్ను తేరిపార చూసి, ఏది మార్చావు, ఎలా కనిపెట్టావు అని అడిగారు. ఒక్కొక్కటే చెప్పాను.

"మా బళ్లో ఎనిమిది మూలపడున్నాయమ్మా. పారేయమంటున్నారు. రేపొచ్చి చూస్తావా? ఊరికే కాదు, జీతానికే."

"దానికి ఇంటి పనే సరిపోతుందండి," ఆయన అందుకున్నారు.

"తొమ్మిదింటికల్లా వస్తానండి," అన్నాను. పెళ్లయిన పదకొండేళ్లలో, ఆయన్నడిగి చెప్తాననకుండా నేనిచ్చిన మొదటి జవాబు అది.