శ్యామలమ్మ పీట

ఆవిరి పెట్టెలోంచి తీసిన పనిముట్లను శ్యామలమ్మ ట్రేలో వరసగా పేర్చింది. చిన్న అద్దం, కొక్కెం, పటకారు. అద్దం పెడుతుంటే కుడిచెయ్యి వణికి ట్రే టకటకమంది. గభాలున తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. బతికిపోయాననుకుంది.

రాంగోపాల్‌పేట్‌లోని ఈ పళ్ల ఆసుపత్రికి ఆమె వచ్చింది నర్సుగా కాదు, నేల తుడవడానికి. ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఒకపూట నర్సు రాకపోతే, లైటు పట్టుకోమన్నాడు డాక్టర్ రఘునాథ్. పట్టుకుంది. అంతే, మళ్లీ చీపురు ముట్టలేదు. చదివింది ఏడో తరగతి. పనిముట్ల పేర్లకు నోరు తిరక్క, ఆకారాన్ని బట్టి తనే పేర్లు పెట్టుకుంది. పొట్టి మనిషి కదా, కుర్చీలో పడుకున్నవాళ్ల నోరు అందేది కాదు. డాక్టరే వడ్రంగికి చెప్పి టేకు పీట చేయించాడు.

యోగిత అలా కాదు. ఏడాది కోర్సు చదివి, సర్టిఫికెట్‌తో మూడు వారాల కిందట చేరింది. పేర్లన్నీ గడగడా అప్పజెబుతుంది. రోగి మూలిగితే మాత్రం కొయ్యబారిపోతుంది.

"పుస్తకంల ఉన్నది నీకొచ్చు బిడ్డా. లేంది చెప్త, ఇను," అంది శ్యామలమ్మ. "సూది గడ్డం కిందికెళ్లి అందియ్యాలె, పేషెంట్ కండ్లకు కనబడొద్దు. మత్తుమందు గొట్టం జెరసేపు పిడికిట్ల పట్టుకో. చల్లగుంటే సుర్రుమంటది."

"ఇది మా కోర్సులో చెప్పలేదాంటీ."

"వాళ్లకెవరన్న చెప్తె గద!"

నవ్విందే గాని, మనసు సోమవారం దగ్గరే ఉంది. ఆ రోజు ఆమె చెయ్యి జారి ఓ పెద్దామె నాలుక గీరుకుంది. రక్తం పంటిదే అనుకున్నారు అందరూ. తన చెయ్యి జారిందని శ్యామలమ్మ ఎవరికీ చెప్పలేదు.

పదకొండింటికి హరికిషన్ అనే రైల్వే మెకానిక్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, కుర్చీలో చంటిపిల్లాడిలా ముడుచుకున్నాడు. జ్ఞానదంతం కోసి తియ్యాలి.

"నొప్పైతదా అమ్మా?"

"పరేషాన్ గాకు. నేనీడనే ఉంట."

సూది పడింది, దవడ మొద్దుబారింది. మిషన్ బుర్రుమంది. నాలుకను రేకుతో పక్కకు అదిమిపట్టడం శ్యామలమ్మ పని. అది జారిందా, తిరిగే ముల్లు నాలుకను చీలుస్తుంది. పీటెక్కి రేకు నోట్లో పెట్టింది. అది పళ్లకు తగిలి టకటకమంది. యోగిత చూసింది. డాక్టరు చూడలేదు. రెండు చేతులా నొక్కిపడితే ఈ పూటా గడిచిపోతుంది. రెండు నెలలుగా అలాగే గడుపుతోంది మరి.

"సార్, ఒక్క నిమిషం," అని పీట దిగింది. "యోగితా, నువ్వు పట్టు. పీట జరుపు, నీకక్కర్లేదు."

హరికిషన్ మూలిగాడు. యోగిత బిగుసుకుపోయింది.

"మొహం చూడకు, నాలుకనే చూడు," అంటూ శ్యామలమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. యోగిత చెయ్యి కుదురుకుంది. పన్ను ఊడొచ్చింది.

అతను వెళ్లాక శ్యామలమ్మ డాక్టరుకు చెప్పేసింది. "నా చెయ్యి వణుకుతుంది సార్. సోమారం ఆ పెద్దమ్మ నాలుక గీరింది నేనే. ఆమెకు ఫోన్ చేసి చెప్పుండ్రి."

డాక్టరు గ్లౌజులు తీసి బుట్టలో వేశాడు. "ముందే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్తే పంపిస్తరు గద సార్."

"ఎక్కడికి పంపుతాను? బయట కూర్చుని అపాయింట్‌మెంట్ల ఫోన్లు చూసుకోండి."

"ఈ మిషన్ చప్పుడు ఇనుకుంట బయట కూసోలేను సార్."

నాలుగింటికి తెల్లకోటు మడిచి బల్ల మీద పెట్టింది. ఆయన మెట్లదాకా వచ్చాడు. మెట్టుగూడ బస్సుకు ఆమె నడుస్తూ వెళ్లిపోయింది.

లోపల తర్వాతి రోగికి నోరు తెరవమని చెబుతూ, యోగిత మత్తుమందు గొట్టాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆమె కాళ్ల దగ్గర, గోడవారగా, పీట అలాగే ఉంది. రెండు పాదాల మేర పాలిష్ పోయి టేకు తెల్లబడింది.