తీరానికి పద్నాలుగు మైళ్ళు

నేను ఒక జోడు గొట్టాల దుర్భిణిని. ప్రస్తుతం విశాఖపట్నంలో ఒక పాతసామాన్ల కొట్లో, రెక్క విరిగిన ఫ్యానుకీ సొట్టపోయిన కుక్కరుకీ మధ్య పడి ఉన్నాను. నన్ను ఎవరూ కొనరు. కొన్నా పనికిరాను. నా కుడి గొట్టం లోపల అద్దం పక్కకు జరిగిపోయి, నాలోంచి చూస్తే ఒక్కటి రెండుగా కనబడుతుంది.

నేను పుట్టింది జర్మనీలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. నా అద్దాలను మెరుగుపెట్టిన ఆవిడ పదడుగుల అవతల ఉన్న మనిషిని పోల్చుకోలేదు. అయినా ఏడు రెట్లు దగ్గరగా చూపించే అద్దాలు ఆవిడ చేతిలోనే తయారయ్యాయి. నా మొదటి యజమాని డెన్మార్కులో, రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపే ఉద్యోగి. పదకొండేళ్ళు నన్ను కళ్ళకు ఆనించుకుని సముద్రాన్నే చూశాడు. ఉద్యోగం అయిపోయిన మర్నాడే నన్ను అమ్మేసి, సముద్రం కనబడని ఊరు వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. చివరికి రోటర్‌డామ్‌లో, ఓడలకు సరుకులు అందించే కొట్టు నుంచి ఒక సరుకుల ఓడ ఎక్కాను. ఆ ఓడ పేరు చెప్పను. తర్వాత దానికి రెండుసార్లు పేరు మార్చారు.

ఓడను నడిపే గదిని బ్రిడ్జి అంటారు. అక్కడ కిటికీ పక్కన చెక్కపెట్టెలో నా చోటు. ఆ ఓడలో సెకండ్ ఆఫీసరు సన్యాసిరావు. భీమునిపట్నం మనిషి, ముప్పయ్యేళ్ళు. ఓడ ఏ దారిన పోవాలో పటం మీద గీసే పని అతనిది. గీత తిన్నగా వచ్చేది, అక్షరం గుండ్రంగా ఉండేది. పై అధికారి మాటకు ఎదురు చెప్పడం మాత్రం చేతకాదు. అందుకే అందరికీ అతనంటే ఇష్టం.

ఒక ఏడు మార్చిలో అతను సెలవు ముగించుకుని వస్తూ కొత్త పెళ్ళాన్ని వెంట తెచ్చుకున్నాడు. ఆమె పేరు నూకరత్నం. అనకాపల్లి దగ్గర పల్లె, టీచరు ట్రెయినింగు పూర్తిచేసింది. పెళ్ళై పంతొమ్మిది రోజులైంది. ఆఫీసర్లు భార్యలను ఒక ప్రయాణానికి తీసుకురావచ్చని కంపెనీ నియమం ఉండేది. ఊళ్ళో అందరూ ఆమె అదృష్టానికి నోరు నొక్కుకున్నారట.

అదృష్టం మొదటి రేవులోనే తేలిపోయింది. ఓడ మనుషులకు ఊళ్ళోకి వెళ్ళే చీటీ ఇస్తారు. భార్యలకు వీసా కావాలి, ఆమెకు లేదు. రోటర్‌డామ్, ఆంట్‌వెర్ప్, లె హావ్ర్, బిల్బావో అన్నీ ఆమె నాలోంచే చూసింది. బ్రిడ్జి పక్కన ఆరుబయట అరుగులాంటి చోట నిలబడి, చీర కొంగు నడుముకు చుట్టుకుని, నన్ను రెండు చేతులా పట్టుకునేది. సైకిళ్ళు, చర్చి గంట గోపురం, కుక్కను నడిపించుకుంటూ పోయే ముసలాయన. ఆ ముసలాయనను ఆమె మూడురోజులు వరసగా చూసింది. నాలుగో రోజు అతను రాలేదు.

"ఆయనకి ఒంట్లో బావులేదేమోనండీ," అంది భర్తతో.

"ఎవరికి?"

"ఆ కుక్కాయనకి."

సన్యాసిరావు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉండేది.

లిస్బన్‌లో ఒక ఏజెంటు దయవల్ల ఆమెకు నాలుగు గంటల అనుమతి దొరికింది. యూరప్ నేల మీద ఆమె నడిచింది ఆ నాలుగు గంటలే. నన్ను మెడలో వేసుకునే దిగింది. ఏటవాలు వీధుల్లో ట్రామెక్కారు. ఒక పూటకూళ్ళ ఇంటి ముందు బొగ్గుల మీద కవళ్ళ చేపలు కాలుస్తుంటే ఆమె ఠక్కున ఆగిపోయింది.

"ఏవండీ, మన కవళ్ళే! ఉప్పూ కారం ఏటీ పెట్టకుండా కాల్చీస్తన్నారు పాపం."

చెరో నాలుగు తిన్నారు. తిరిగి వచ్చేసరికి కెప్టెన్ బర్వే వాళ్ళ కోసం కేకు చేయించి ఉంచాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, రత్నాన్ని బేటీ అని పిలిచేవాడు. ఆయన గదిలో చిన్న తులసి కుండీ ఉండేది. ఓడ ఊగినప్పుడల్లా దాన్ని ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. మంచివాడు కాదని ఇప్పటికీ అనలేను. అదే నాకు మింగుడుపడదు.

ఆఫ్రికా పడమటి తీరం వెంబడి దిగడానికి పదహారు రోజులు పట్టింది. ఆ రోజుల్లో సన్యాసిరావు ఆమెకు పటం చదవడం నేర్పాడు. లోతులు, దీపస్తంభాలు, నీళ్ళు ఎటు పారుతున్నాయో చెప్పే చిన్న చిన్న బాణాలు. "సముద్రంలో కూడా ఏర్లుంటాయి రత్నం. గట్లు కనబడవు, అంతే," అనేవాడు. కేప్‌టౌన్‌లో ఆమె బల్లలాంటి కొండను చూసింది, నాలోంచే. డర్బన్‌లో వానలో తడుస్తున్న క్రేన్లను చూసింది. అక్కడ ఆరు రోజులు మొక్కజొన్న బస్తాలు ఎక్కించుకుని, ఉత్తరంగా దారెస్సలామ్‌కు బయలుదేరాం.

రెండో రోజు పొద్దున్న సరుకు గది తనిఖీ చేస్తున్న కళాసీలకు బస్తాల వెనక ఇద్దరు మనుషులు దొరికారు.

పెద్దవాడు మాండ్లా, నలభై దాటి ఉంటాయి, ఒకటే దగ్గు. రెండోవాడు సిఫో, ముప్పయ్యేళ్ళవాడు, పెద్దవాడి చిన్నాన్న కొడుకు. డర్బన్‌లో గోదాము మూతబడి పని పోయింది. ఎక్కడైనా సరే, పని దొరికే రేవు చేరితే చాలని ఎక్కారు. వాళ్ళను వెనక వైపు తాళ్ళ గదిలో ఉంచారు. అన్నం, పప్పు తీసుకుని వెళ్ళింది రత్నమే. పగలంతా మెడలో నేనుండడం ఆమెకు అలవాటైపోయింది, అలా నేనూ వాళ్ళను చూశాను. సిఫో చేత్తో అన్నం కలపడం రాక అవస్థపడితే ఆమె కలిపి చూపించింది. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరూ మాట్లాడుకున్నారు. తనకు తల్లి ఉందని, ఉమ్లాజీ అనే పేటలో ఉంటుందని, ఎక్కడికి వెళ్తున్నాడో ఆవిడకు చెప్పలేదని అన్నాడు.

మధ్యాహ్నం రత్నం నన్ను నా చెక్కపెట్టెలో పెట్టి వెళ్ళాక, కెప్టెన్ బర్వే ఆఫీసర్లను బ్రిడ్జి మీదికి పిలిపించాడు.

"దారెస్సలామ్‌లో వీళ్ళను దింపనివ్వరు. మొంబాసాలోనూ దింపనివ్వరు. పోయినేడు నా స్నేహితుడు ఇలా ఎక్కినవాళ్ళను ఎనిమిది నెలలు మోశాడు. ఆఖరికి ఉద్యోగం పోయింది," అన్నాడు. సన్యాసిరావు వైపు తిరిగాడు. "తీరం ఎంత దూరం?"

"పద్నాలుగు మైళ్ళు సార్. మొజాంబిక్, ఇన్యాంబానే దగ్గర."

"నీళ్ళు ఎటు పారుతున్నాయి?"

సన్యాసిరావు నోటితో చెప్పలేదు. కాగితం మీద రాసి ఇచ్చాడు. దక్షిణానికి, గంటకు రెండున్నర మైళ్ళు. అంటే తీరం వెంబడి, తీరాన్ని తాకకుండా, మళ్ళీ నడిసముద్రంలోకి. కెప్టెన్ చదువుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తూర్పు గాలి ఉంది. ఒడ్డుకు తోసేస్తుంది," అన్నాడు.

ఆఫీసర్లు ఒక్కొక్కరే కిందికి దిగిపోయారు. సన్యాసిరావు పటం మీదికి వంగి పెన్సిలు చెక్కుకున్నాడు.

నాలుగు ఖాళీ నూనె పీపాలు, వాటి మీద పలకలు, నైలాను తాళ్ళు. గంటన్నరలో తెప్ప తయారైంది. ప్రాణరక్షణ కోట్లు రెండు, నీళ్ళ డబ్బా ఒకటి, బిస్కట్లు. ఇదంతా చూసి రత్నం మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కి వచ్చింది.

"ఏటి చేస్తన్నారండీ? వాళ్ళని ఏటి చేస్తన్నారు?"

"ఒడ్డు దగ్గరే రత్నం. గాలి అటే ఉంది."

"గాలి సంగతి అడగలేదు. నీళ్ళు ఎటెల్తన్నాయి?"

అతను పటం వైపు చూశాడు. ఆమె వెళ్ళి తనే చూసింది. బాణాలు చదవడం నేర్పింది అతనే కదా.

"ఇది దక్షిణానికే ఉంది," అంది మెల్లగా. "మీకు తెల్సు."

"రాసి ఇచ్చేనే! ఆయన చదివేరు. అంతకన్నా నేనేటి చెయ్యగల్ను?"

"వద్దనండి. ఒక్కసారి వద్దనండి."

"అలగంటే నన్నే దింపీస్తారు. నువ్వు కేబిన్లోకెళ్ళు. నువ్వేటీ చూడొద్దు."

ఆమె కేబిన్లోకి వెళ్ళలేదు. కెప్టెన్ ముందు నిలబడి, "సార్, నో. ప్లీజ్ సార్, నో," అంది. అంతకు మించి ఇంగ్లీషు ఆ క్షణంలో రాలేదు. బర్వే ఆమె తల మీద చేయి వేశాడు. "బేటీ, ఓడలో ఇరవయ్యారు మంది ఉద్యోగాలున్నాయి," అని, ఇంజను నెమ్మది చేయమని ఫోనులో చెప్పాడు.

మాండ్లా దగ్గుతూ తనే దిగాడు. సిఫో నిచ్చెన మీద ఆగి, పైన నిలబడ్డ కళాసీలను ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచాడు. ఒక్క పూటలోనే వాళ్ళ పేర్లు తెలుసుకున్నాడు. వాళ్ళు తలలు దించుకున్నారు. మధ్యాహ్నం మూడు గంటలు, ఎండ బాగా ఉంది. తీరం సన్నటి బూడిద గీతలా కనబడుతోంది.

తాడు వదిలారు. ఇంజను వేగం అందుకుంది. రత్నం అరుగు మీదికి పరుగెత్తి, నీళ్ళలో పడ్డవాళ్ళకు వేయడానికి అక్కడ వేలాడదీసిన తేలే చక్రాలు రెండూ ఊడబెరికి నీళ్ళలోకి విసిరింది. ఒకటి తెప్పకు దగ్గరగానే పడింది. రెండోది ఓడ వెనక నురగలో పడి ఎటో పోయింది. అప్పుడు చెక్కపెట్టెలోంచి నన్ను తీసుకొచ్చి కళ్ళకు పెట్టుకుంది.

నేను చూపించాను. ఏం చేయను, నా పని అదే. మాండ్లా పలక మీద బోర్లా పడుకుని రెండు చేతులా తాడు పట్టుకున్నాడు. ఒక పీపా కట్టు అప్పుడే వదులై, ఆ మూల మునుగుతూ లేస్తోంది. సిఫో మోకాళ్ళ మీద లేచి చొక్కా విప్పి ఊపుతున్నాడు. అతని ముఖంలో కోపం లేదు. ఎవరో పొరపాటున వదిలేశారని, ఓడ ఇప్పుడు తిరిగి వస్తుందని నమ్ముతున్నవాడి ముఖం అది. తెప్ప తీరం వైపు కదల్లేదు. ఎడమకు, దక్షిణానికి జారిపోతూ పోతూ, కాసేపటికి ఒక చుక్క అయింది. తర్వాత అదీ లేదు.

ఆమె చేతుల్లోంచి జారి కింది డెక్కు మీద పడ్డాను. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకు వినబడింది. పనికిరానిదని నన్ను చెత్తలో వేయబోతుంటే ఆమె తీసుకుని తన పెట్టెలో, చీరల అడుగున పెట్టింది.

దారెస్సలామ్‌లో రేవు అధికారి ఒకాయన ఓడ ఎక్కాడు. అన్నం బల్ల దగ్గర కూర్చుని, మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాడు. దారిలో ఎవరైనా దొంగతనంగా ఎక్కినవాళ్ళు దొరికారా?

"లేరు," అన్నాడు కెప్టెన్.

రత్నం లేచి నిలబడింది. బల్ల చుట్టూ ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె పెదాలు విడివడ్డాయి. పక్కనుంచి సన్యాసిరావు బల్ల చాటున ఆమె చేతిని పట్టుకుని, అధికారితో, "నా భార్యకు కడుపులో తిప్పుతోంది సార్. సముద్రం కొత్త," అన్నాడు. ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత కూర్చుండిపోయింది.

నేను ఆ బల్ల దగ్గర లేను. ఈ సంగతి ఆమె నోటనే విన్నాను. ఎన్నో ఏళ్ళపాటు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పెట్టె తెరిచి బట్టలు సర్దుతూ ఆమె తనకు తాను చెప్పుకునేది. ప్రతిసారీ ఆఖర్న ఒకటే మాట. "కూర్చుండిపోయేను. ఎవులూ కూర్చోబెట్టలేదు. నానే కూర్చుండిపోయేను."

ఆమె మళ్ళీ ఓడ ఎక్కలేదు. స్కూల్లో టీచరుగా చేరింది. సన్యాసిరావు చీఫ్ ఆఫీసరయ్యాడు, తర్వాత కెప్టెనయ్యాడు. ఏటా మూడు నెలలు ఇంట్లో ఉండేవాడు. ఇద్దరూ ఒకరినొకరు కసురుకోవడం నేను వినలేదు. కూర బావుందనేవాడు. మందులేసుకున్నారా అనేది. పిల్లలు పుట్టలేదు. ఆమె డర్బన్‌కు రెండు ఉత్తరాలు రాసింది, 'సిఫో తల్లిగారికి, ఉమ్లాజీ' అని. మొదటిది చిరునామా చాలదని ముద్ర పడి వెనక్కి వచ్చింది. రెండోది రానేలేదు. అది చేరిందేమోనని ఆమె కొన్నాళ్ళు ఆశపడింది. తర్వాత చేరి ఉంటుందేమోనని భయపడింది.

రిటైరయ్యాక సన్యాసిరావుకు కొత్త పిచ్చి పట్టుకుందని కూడా ఆమె నోటనే విన్నాను. పాత పటాలు, గాలుల పట్టికలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుని, బల్ల మీద పరిచి, స్కేలూ పెన్సిలూ పెట్టుకుని కూర్చునేవాడు. రత్నం ఏం చేస్తున్నారని అడగలేదు. ఒకరోజు పొద్దున్నే, ఆమె బడికి బయలుదేరుతుంటే, తనే పిలిచాడు.

"ఇటు రా రత్నం. చూడు. ఆ నెల్లో తీరానికి బాగా దగ్గరగా ఎదురు నీళ్ళుంటాయట, ఉత్తరానికి. గాలి గట్టిగా తోసుంటే, ఆ నీళ్ళలో పడుంటే... చేరుంటారు. ఏటంటావు?"

ఇరవైనాలుగేళ్ళలో ఆ సంగతి అతను ఎత్తడం అదే మొదలు. ఆమె చేతిసంచీ కింద పెట్టి, పటం మీదికి వంగి, అతను గీసిన గీతను చివరిదాకా చూసింది. గీత ఎప్పటిలాగే తిన్నగా ఉంది.

"పీపా ఒకటి అప్పుడే వదులైపోయిందండీ," అంది. "నాను చూసేను."

అతను పెన్సిలు బల్ల మీద పెట్టేశాడు. ఆమె బడికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పటాలు చుట్టి అటక మీద పెట్టేశాడు. రెండేళ్ళకు గుండెపోటుతో పోయాడు.

పదమూడో రోజు దాటాక ఆమె ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళడానికి సామాను తీస్తోంది. సాయానికి పక్క ఫ్లాటు లలితాంబ వచ్చింది. పెట్టె అడుగున నన్ను చూసి, పైకి తీసి, కళ్ళకు పెట్టుకుని, అన్నీ రెండేసి కనబడుతున్నాయని నవ్వింది. నన్ను గుమ్మం దగ్గర పాతసామాన్లవాడి గోనెసంచిలో వేస్తూ అంది,

"పెళ్ళైన కొత్తలో మీ ఇద్దరూ ఓడలో యూరపూ ఆఫ్రికా అన్నీ తిరిగొచ్చారట కదా రత్నంగారూ. కెప్టెన్‌గారు మా ఆయనతో అనేవారు. ఎంత అదృష్టమండీ! అంత దూరం వెళ్ళి చూసొచ్చినవాళ్ళు మన వీధిలో ఎవరున్నారు?"

రత్నం చీర మడత పెడుతూ తలెత్తలేదు.

"అవునమ్మా," అంది. "చూసేం."