అక్క పెట్టిన అతుకు

రాట్నం మీద కండె సగం నిండింది. సౌందర్య కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి జారిపోతున్న పట్టుపోగు మీద ధ్యాస పెట్టింది. పోగు ఎక్కడ సన్నబడుతుందో కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. మగ్గం గుంతలో కూర్చున్న తండ్రి బుచ్చయ్య లోపలి నుంచి కేకేశాడు.

"కండె తే బిడ్డా, నాడె ఖాళీ అయితుంది."

"తెస్తున్న నాయినా."

కిటికీ కింద చెల్లెలు యామిని బోర్లా పడుకుని, బ్లేడుతో ఒక హవాయి చెప్పును గుండ్రంగా కోస్తోంది.

"నీ పాత చెప్పు తీసుకున్ననక్కా. చక్రాలకు."

"పాతదా? నిన్నటిదాంక ఏసుకుంటుంటి గదనే!"

"ఇప్పుడైతే పాతదే గద."

సౌందర్యకు నవ్వొచ్చింది. నవ్వితే పోగు తెగుతుందని పెదవి బిగించింది.

గద్వాల చీరకు ఒళ్లు నూలుది, అంచులు పట్టువి. ప్రతి వరుసలోనూ అంచు పట్టుపోగును చీర ఒంటి నూలుపోగుతో మెలేసి కలపాలి. అందుకే ఆ ఇంట్లో మగ్గానికి ఇద్దరు కావాలి. నేసేది తండ్రి. అవతలి అంచున అడ్డపోగు మోసుకుపోయే నాడె విసిరేది సౌందర్య. పదో తరగతి పాసయిన ఏడు ఆమె ఆ పక్కన కూర్చుంది, మళ్లీ లేవలేదు. తల్లి అలివేలమ్మకు చూపు మందగించాక, మగ్గం మీది పాత పడుగు, అంటే నిలువు పోగుల చివర, కొత్త పడుగును పోగుపోగునా అతికే పని కూడా సౌందర్యకే వచ్చింది. బూడిదలో వేలు అద్ది, రెండు పోగుల కొసలు కలిపి ఒక్క మెలి తిప్పితే చాలు, ముడి లేకుండానే ఒకటైపోతాయి. ఆమె పెట్టిన అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదని వీధంతా చెప్పుకుంటారు. రాజోలి నేతవాళ్లు ఏరికోరి సంబంధం కలుపుకున్నది కూడా ఆ వేళ్లను చూసే. వేసవిలో పెళ్లి.

పెళ్లి కుదిరిన నాటి నుంచి ఇంట్లో ఒకటే మాట. పెద్దది వెళ్లిపోతే అవతలి నాడె ఎవరు విసరాలి?

యామిని పదో తరగతిలో ఉంది. వనపర్తిలో పాలిటెక్నిక్ చదవాలని దాని కోరిక. ఆ కోరిక ఎక్కడ మొదలైందో సౌందర్యకు బాగా గుర్తు. దసరాకు ముందు చీరలు చూసుకోవడానికి హైదరాబాదు నుంచి షావుకారు వచ్చాడు. పచ్చ నంబరు పలక ఉన్న కరెంటు కారులో వచ్చాడు. వీధిలోకి వచ్చిందీ తెలియలేదు, ఇంటి ముందు ఆగిందీ తెలియలేదు. పక్కింటి బాలన్న మేక దాని కింద నుంచి తీరిగ్గా బయటికి వచ్చింది.

"సప్పుడు లేని బండి. మీ అలివేలమ్మ అలిగినట్లున్నది" అన్నాడు బాలన్న, బీడీ వెలిగించుకుంటూ.

"నేనలిగితే నీకేం ఎర్క? మా ఆయననడుగు, చెప్తడు" అంది అలివేలమ్మ.

షావుకారు లోపల చీరలు తిరగేస్తున్నంతసేపూ యామిని ఆ కారు డ్రైవరును వదల్లేదు. ఇంజను ఏది? లేదమ్మా. మరి ముందర ఏముంది? సామాను పెట్టుకునే జాగ. బ్యాటరీ ఏడుంది? మనం కూర్చునే కింద, బండంతా పరుచుకొని. డ్రైవరు చివరికి తనంతట తానే ఒక సంగతి చెప్పాడు. ఘాటు రోడ్డు దిగేటప్పుడు యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, తిరిగే చక్రాలే మళ్లీ కరెంటు పుట్టిస్తాయట. యామిని ఆ రోజు అన్నం తింటూ కూడా అదే చెప్పింది. "మోటరుకు కరెంటిస్తే తిరుగుతది నాయినా. తిప్పితే కరెంటిస్తది."

"నేను కూడా గంతే. తిండి పెడితే నేస్త, నేస్తే తిండి పెడ్తరు" అన్నాడు బుచ్చయ్య.

బడిలో సైన్సు చెప్పే లలితమ్మ మేడం, జిల్లా సైన్సు ఫెయిరుకు ఆ కారు నమూనా చేయమంది. ఆ సాయంత్రమే వాకిట్లో బాలన్న వింటుండగా బుచ్చయ్య మాట ఇచ్చాడు.

"జిల్లాల దీని బండి గెలుస్తే వనపర్తి పంపుత. మగ్గానికి మనిషిని నేను చూసుకుంట. గెలువకుంటే మాత్రం అక్క జాగల కూసోవాలె. ఏం పిల్లా?"

"సరే నాయినా" అంది యామిని వెంటనే.

బుచ్చయ్య మాటంటే మాటే. వీధిలో అనేస్తే ఇక వెనక్కి తీసుకునే మనిషి కాదు.

బండి మెల్లగా తయారైంది. సబ్బుల అట్టపెట్టె దాని ఒళ్లు. సైకిల్ చువ్వ ముక్కలు ఇరుసులు, అవి తిరగడానికి ఖాళీ పెన్ను గొట్టాలు. చక్రాలు సౌందర్య చెప్పులు. మల్దకల్ జాతరలో ఎప్పుడో కొన్న బొమ్మ జీపు విరిగిపోయి అటకమీద ఉంటే, దాని కడుపులోంచి వేలెడంత మోటారు తీసింది. మోటారుకూ వెనక ఇరుసుకూ రబ్బరు బ్యాండు తగిలించింది. రెండు పెన్సిల్ సెల్లులు, ఒక స్విచ్. పక్కన చిన్న లైటు పెట్టి దానికి వేరే మీట అమర్చింది. ఆ మీట నొక్కి చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పితే లైటు ఒక్క క్షణం మిణుకుమనేది. దిగుడులో కరెంటు పుట్టేది ఇట్లాగే అని చూపించడానికి.

మొదటిసారి స్విచ్ నొక్కినప్పుడు బండి గడప దగ్గర నుంచి పరుగెత్తి, వంటింట్లో అలివేలమ్మ ఎసరు పెట్టిన గిన్నెకు తగిలి ఆగింది.

"నీ బండి పాడుగాను! కండ్లు లేనిదాన్ని నేనా, అదా?" అని తల్లి అరిచింది. తర్వాత చేత్తో తడిమి చూసి, "మల్ల ఉరికియ్యి జర" అంది.

సౌందర్య అవతలి నాడె పట్టుకునే చూసింది. లేచి వెళ్లి దగ్గరగా చూడాలనిపించింది. వరుస మధ్యలో లేవకూడదు కనుక లేవలేదు. పదో తరగతిలో తనకు కూడా సైన్సులో మంచి మార్కులొచ్చాయి. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు.

ఫెయిరుకు ముందు రోజు సెల్లులు అయిపోకుండా యామిని వాటిని తీసి పక్కన పెట్టింది. అట్ట మీద బొమ్మలు గీయడానికి లలితమ్మ మేడం రమ్మంటే బడికి వెళ్లింది. తండ్రి నూలు కోసం బజారుకు పోయాడు. మగ్గం ఆగింది. ఇంట్లో చాలా రోజుల తర్వాత చేతికి పని లేని పూట.

సౌందర్య బండిని ఒళ్లో పెట్టుకుని వెల్లకిలా తిప్పింది. కడుపు కింద వైర్లు కలిసిన చోటల్లా నల్ల టేపు ముద్దలు ముద్దలుగా చుట్టి ఉంది. ఆమెకు ప్రాణం చివుక్కుమంది. షావుకారు చీర చేతికి తీసుకోగానే ముందు వెనక్కి తిప్పుతాడు. నేత మంచిదో కాదో వెనకవైపు చెబుతుంది. రేపు వచ్చే సారు కూడా తిప్పి చూడడా? ఈ గడ్డలు చూసి ఏమనుకుంటాడు?

చెల్లెలికి సాయం చేయాలన్నది నిజం. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది. ఆ బండిలో తన చెయ్యి కూడా ఎక్కడో ఒకచోట ఉండాలని ఆమెకు ఉంది. చెప్పులు కాకుండా, తన చెయ్యి.

టేపు విప్పేసింది. రాగి పోగులు వెంట్రుకల్లా సన్నగా ఉన్నాయి. బూడిద చిప్ప దగ్గరికి లాక్కుంది. వేలు అద్ది, కొసలు కలిపి, ఒక్కో పోగు మీద ఒక్కో పోగు పేర్చి మెలి తిప్పింది. పోగులు చెదరకుండా పైన ఇంత గంజి రాసింది. అట్టకు అంటుకుని ఆరిపోయాక అతుకు ఎక్కడుందో తనకే దొరకలేదు. చాలా అందంగా ఉంది. చెల్లెలు వచ్చాక చెబుదామనుకుంది. అది రాత్రి ఆలస్యంగా వచ్చి, అన్నం తిని, చార్టులు చుట్టుకుని పడుకుంది. రేపు దానంతట అదే చూసి ఆశ్చర్యపోనీ అనుకుంది సౌందర్య.

ఫెయిరు పెట్టిన బడి పెద్దది. హాలు నిండా బల్లలు, బల్లల ముందు తాడు, తాడుకు ఇవతల ఇంటివాళ్లు. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన సారు ఒక్కో బల్ల దగ్గర ఆగుతూ వచ్చాడు. యామిని తడబడకుండా చెప్పింది. బ్యాటరీ ఎక్కడుంటుంది, మోటారు ఏం చేస్తుంది, పొగ ఎందుకు రాదు. సారు తల ఊపుతూ విన్నాడు.

"నడిపియ్యమ్మా."

యామిని స్విచ్ నొక్కింది. బండి కదల్లేదు.

సెల్లులు తీసి మళ్లీ పెట్టింది. నొక్కింది. రబ్బరు సర్ది మళ్లీ నొక్కింది. పక్క బల్ల దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు. సారు బండి చేతికి తీసుకుని వెల్లకిలా తిప్పాడు. సౌందర్య అనుకున్నట్టే తిప్పాడు. అట్ట మీద గీరి, గోటితో వైరు లేపాడు. గంజి పెచ్చులుగా ఊడింది. బూడిద రంగు పొడి ఆయన తెల్ల అంగీ మీద రాలింది.

"ఇదేందమ్మా? బూడిదనా?"

యామిని ఆ పొడి వంక చూసింది. నేతింట్లో పుట్టిన పిల్లకు అదేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. తల ఎత్తి తాడు ఇవతల ఉన్న అక్కను చూసింది. ఒక్కసారే చూసింది.

"ఇది ఎవరు పెట్టిన్రు? ఇంట్ల ఎవరన్న చేసిచ్చిన్రా?"

"లేదు సార్. నేనే పెట్టిన."

"మిగతాదంతా మంచిగున్నది. అతుకే సరిగ చూసుకోకపోతివి" అని ఆయన పక్క బల్లకు వెళ్లాడు.

సౌందర్యకు అప్పుడు అర్థమైంది. పడుగు అతుకు మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులోంచి ఒక్కసారి దాటితే చాలు, ఆ తర్వాత దాని పని అయిపోతుంది. దాన్ని ఎవరూ నిలబడమని అడగరు. వైరు అతుకు అలా కాదు. కరెంటు పోతున్నంతసేపూ రాగిని రాగి అంటిపెట్టుకుని ఉండాలి. మధ్యలో తను బూడిద పోసింది, గంజి నింపింది. ఆపైన ఆటోలో కుదుపులు.

సారు వెళ్లిపోయాక యామిని వైర్లు చున్నీతో తుడిచి, తన పద్ధతిలో తాను మెలి తిప్పి, స్విచ్ నొక్కింది. బండి ఝుమ్మని పరుగెత్తింది. చూడ్డానికి చుట్టూ పిల్లలే ఉన్నారు.

ఇంటికొచ్చాక బుచ్చయ్య అడిగాడు. "వైరు అతుకు ఊడింది నాయినా" అని చెప్పింది యామిని. ఆయన ఒక నవ్వు నవ్వాడు.

"మన ఇంట్ల పుట్టి అతుకు రాకపోతే ఎట్లనే?"

అదొక మాటైపోయింది. ఇంటికి ఎవరు వచ్చి కూర్చున్నా ఆయనకు అదే మాట. యామిని బడి నుంచి వచ్చి అవతలి నాడె నేర్చుకోసాగింది. లలితమ్మ మేడం పాలిటెక్నిక్ పరీక్షకు దరఖాస్తు పెట్టమని రెండుసార్లు కబురు చేస్తే, వద్దని చెప్పి పంపింది. సౌందర్య రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంది. నోరు విప్పబోయినప్పుడల్లా రాజోలి గుర్తొచ్చేది. వేళ్లను చూసి చేసుకుంటున్నవాళ్లు. అతుకు కంటికి కనపడదని చెప్పుకుంటున్నవాళ్లు. ఆ సంబంధం చెడకూడదనే యామిని కూడా నోరు విప్పలేదని ఆమెకు తెలుసు. రోజూ ఒకే మగ్గం దగ్గర ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యా ఎప్పుడూ రాలేదు.

ఎండలు ముదిరాయి. పెళ్లి పది రోజుల్లోకి వచ్చింది. బాలన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. బుచ్చయ్య గుంతలో, యామిని అవతలి పక్కన. సౌందర్య గోడ వారగా కొత్త పడుగు పోగులు సర్దుతోంది. యామిని విసిరిన నాడె పోగుల్లో చిక్కింది.

"చూస్తివా బాలన్నా" అన్నాడు బుచ్చయ్య. "పెద్దది పెట్టిన అతుకు దేవునికి కూడ దొరకదు. ఇది పెట్టిన అతుకు ఊరందరి ముందర ఊడె. అయినా వనపర్తి పోతదంట, ఇంజనీరైతదంట."

యామిని తల వంచుకుని చిక్కు తీసుకుంటోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అది పెట్టలే నాయినా" అంది సౌందర్య.

"ఏంది?"

"ఆ అతుకు నేను పెట్టిన. ముందు రోజు, అది బడికి పోయినప్పుడు. దానిది మంచిగనే ఉండె, సక్కగ నడుస్తుండె. నేను ఇప్పి, బూడిద పెట్టి అతికిన. గంజి రాసిన. అందుకే నడువలే."

బాలన్న నోట్లోని బీడీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వంటింట్లోంచి అలివేలమ్మ గడప పట్టుకుని ఇవతలికి వచ్చింది.

బుచ్చయ్య చిన్న కూతురి వైపు తిరిగాడు. "నీకు ఎర్కనా?"

"ఎర్కే."

"మరి చెప్పకపోతివేందే?"

"ఏమని చెప్పాలె నాయినా? అక్క అతుకు ఊడిందనా?"

"ఆ పరీక్ష... కాయితం పెట్టేది ఎప్పటిదాంక ఉన్నది?" అన్నాడు బుచ్చయ్య.

"అయిపోయింది. పోయిన వారమే."

"వచ్చేడు రాస్తది తీ" అన్నాడు బాలన్న, ఎవరి వంకా చూడకుండా. వచ్చే ఏడు ఆ నాడె పట్టుకునే వేళ్లు ఎవరివో అక్కడున్న అందరికీ తెలుసు.

"నేను అప్పుడే చెప్పి ఉంటే..." సౌందర్య మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయింది. చెల్లెలు తన వైపు చూస్తుందేమోనని ఎదురుచూసింది. యామిని చిక్కు విప్పిన పోగును సవరించి, నాడె చేతిలో పట్టుకుని, మగ్గం మీద తండ్రి కాలి తొక్కుడు కోసం ఆగి ఉంది.

తొక్కుడు పడలేదు. అంచు ఒంటితో కలవాల్సిన చోట వరుస సగంలో ఉంది. బుచ్చయ్య తన నాడెను చీర మీదే పెట్టాడు. రెండు చేతులూ నేలకు ఆనించి గుంతలోంచి పైకి లేచాడు. దండెం మీది తువ్వాల అందుకుని భుజాన వేసుకోబోయి, వేసుకోలేక చేతిలోనే పట్టుకున్నాడు. బాలన్న కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చాడు. బుచ్చయ్య చెప్పులు కూడా తొడుక్కోకుండా, ఎండలోకి వెళ్లిపోయాడు.